భులుకూ బదిలీ అయింది

బదిలీ అంటే ఏమిటో మనకు ఎవరూ వివరించనక్కర్లేదు. కొత్త ఊరు, కొత్త క్వార్టర్, కొత్త తరగతి. మొదటి వారం ఏ బెంచీలో కూర్చోవాలో తెలియదు. పక్కవాళ్ల మాటలు సగం అర్థం కావు. పెద్ద వయసులో ఇల్లు మారిన కుక్క పరిస్థితి కూడా ఇంతే. అయితే మనం ఎందుకు మారుతున్నామో నాన్న ముందే చెబుతారు. కుక్కకు చెప్పడం ఎవరి తరమూ కాదు.

మేము అన్నాచెల్లెళ్లం. రెండేళ్ల క్రితం మా నాన్నగారికి ఖరగ్‌పూర్ బదిలీ అయింది. రైల్వే ఉద్యోగాల వల్ల ఆ ఊళ్లో తెలుగువాళ్లు తరతరాలుగా ఉన్నారు కాబట్టి మాకు మాటల తోడు దొరికింది. మా ఎదురు క్వార్టర్‌లో ఒక బెంగాలీ కుటుంబం ఉండేది. వాళ్ల కుక్క పేరు భులు. దేశవాళీ జాతి, తొమ్మిదేళ్లది. వాళ్లకు గువాహటి బదిలీ అయింది. అక్కడ దొరికిన అద్దె ఇంటివాళ్లు కుక్కకు ఒప్పుకోలేదు. "మీరు ఉంచుకుంటారా?" అని ఆంటీ అమ్మను అడుగుతూనే ఏడ్చేశారు. అలా భులు మా ఇంటికి వచ్చింది. ఆ తర్వాత మేము చేసిన తప్పులు, నేర్చుకున్న సంగతులు ఇక్కడ రాస్తున్నాం.

పాత దుప్పటి ఉతకవద్దు

మనం ఇంటిని కళ్లతో గుర్తుపడతాం. కుక్క ముక్కుతో గుర్తుపడుతుంది. ఆంటీ భులుతో పాటు దాని పాత దుప్పటి, అన్నం గిన్నె కూడా ఇచ్చారు. అమ్మ దుప్పటిని నానబెట్టబోతే పశువుల డాక్టరుగారు వద్దన్నారు. ఆ వాసన ఒక్కటే దానికి తెలిసిన ఇల్లు. ఎవరూ అటూ ఇటూ తిరగని వరండా మూలలో ఆ దుప్పటి వేశాం. వయసు మీరిన కుక్కల కీళ్లు బిగుసుకుంటాయి, నున్నటి గచ్చు మీద కాళ్లు జారతాయి. అందుకని అది నడిచే దారిలో గోనెపట్టాలు పరిచాం.

మూడు, మూడు, మూడు

కుక్కలను పెంచేవాళ్లు ఒక లెక్క చెబుతారు. బెదురు తగ్గడానికి మూడు రోజులు, ఇంటి పద్ధతులు తెలియడానికి మూడు వారాలు, ఇది నా ఇల్లే అనుకోవడానికి మూడు నెలలు. అన్ని కుక్కలకూ ఇది సరిగ్గా సరిపోదు, కానీ తొందరపడకూడదని గుర్తుచేస్తుంది. మొదటి రోజు భులు ఏమీ తినలేదు. అలా జరగడం మామూలే. రెండో రోజు కూడా ముట్టకపోయినా, నీళ్లు తాగకపోయినా డాక్టరుకు చూపించాలి.

తిండి ఒక్కసారిగా మార్చకూడదు. భులుకు ముళ్లు తీసిన చేప, అన్నం అలవాటు. మొదట అదే పెట్టి, వారం పది రోజుల్లో మా ఇంటి తిండి కొంచెం కొంచెంగా కలిపాం. మన వంటల్లో ఉల్లిపాయ, వెల్లుల్లి లేని కూర అరుదు. ఆ రెండూ కుక్కలకు విషమే. చాక్లెట్, ద్రాక్ష, ఎండుద్రాక్ష కూడా పెట్టకూడదు. అందుకే కూర కలిపిన అన్నం భులుకు ఎప్పుడూ పెట్టం.

దాని భాష

మొదట్లో మేము "రా, కూర్చో" అంటే భులు మా మొహాలు చూసేది. మొండిదేమో అనుకున్నాం. ఆంటీకి ఫోన్ చేస్తే అసలు సంగతి తెలిసింది. దానికి వచ్చింది బెంగాలీ! "ఆయ్" అంటే రా, "బోష్" అంటే కూర్చో. అలా అనగానే వచ్చి కూర్చుంది. తర్వాత "ఆయ్, రా" అని రెండూ కలిపి అనసాగాం. నెల తిరిగేసరికి తెలుగు మాటకే వచ్చేది. కొత్త బడిలో మనకు కూడా ఎవరైనా ఇలాగే నేర్పితే ఎంత బాగుండు!

గుర్రుమంటే తిట్టకూడదు

నాలుగో రోజు అది నిద్రపోతుండగా మాలో చిన్నది వెనకనుంచి వెళ్లి వాటేసుకుంది. భులు ఉలిక్కిపడి గుర్రుమంది. తప్పు మాదే. వయసు పెరిగిన కుక్కలకు చెవులు, కళ్లు మందగించవచ్చు. ముందు నుంచి వెళ్లాలి, పేరు పెట్టి పిలవాలి, అదే దగ్గరకు వచ్చేదాకా ఆగాలి. తల పక్కకు తిప్పుకోవడం, ఊరికే పెదవులు నాకడం, తోక కాళ్ల మధ్య దాచుకోవడం కనిపిస్తే "నన్ను కాసేపు వదిలేయండి" అంటోందని అర్థం. గుర్రుమనడం కూడా హెచ్చరికే. దానికి తిడితే హెచ్చరించడం మానేసి నేరుగా కరవవచ్చు.

రేబిస్ టీకా కాగితాలు పాత యజమానుల దగ్గర తప్పక తీసుకోవాలి, గడువు ప్రకారం మళ్లీ వేయించాలి. ఏ కుక్క కరిచినా, గోరు గీరుకున్నా వెంటనే ధారగా పడే నీళ్ల కింద సబ్బుతో 15 నిమిషాలు కడగాలి, పెద్దవాళ్లకు చెప్పి ఆసుపత్రికి వెళ్లాలి. తిడతారేమోనని దాచకూడదు.

సాయంత్రం అయిదున్నర

అన్నిటికన్నా కష్టమైంది సాయంత్రం. అయిదున్నర కాగానే భులు ఎదురు క్వార్టర్ గేటు ముందు కూర్చునేది. అంకుల్ ఆఫీసు నుంచి వచ్చే వేళ అది. తాళం వేసిన గేటును చూస్తూ చీకటి పడేదాకా కదిలేది కాదు. మొదటి రోజు గొలుసు పట్టి లాగాం. కాళ్లు బిగబట్టి నిలబడింది. మరునాటి నుంచి లాగడం మానేసి, దాని పక్కనే కాసేపు కూర్చున్నాం. తర్వాత అయిదుంబావుకే షికారుకు తీసుకెళ్లడం మొదలుపెట్టాం. తిరిగి రాగానే అన్నం. రోజూ అదే వేళ, అదే దారి. రేపు ఏం జరుగుతుందో తెలిస్తేనే కుక్కకు భయం తగ్గుతుంది.

మూడో నెలలో ఒక సాయంత్రం నాన్న స్కూటర్ చప్పుడు వినగానే భులు మా గేటు దగ్గరకు పరుగెత్తింది. తోక ఊపుతూనే ఉంది. నాన్న హెల్మెట్ కూడా తీయకుండా అక్కడే కూర్చుండిపోయారు. ఇప్పటికీ అప్పుడప్పుడు అది ఎదురు గేటు వైపు చూస్తుంది. మేము ఆపం. మనం మాత్రం పాత స్నేహితులను మరిచిపోయామా?

మళ్లీ బదిలీ తప్పదు. ఆంటీవాళ్లు ఒక ఇల్లు చూపించి వెళ్లారు. అది కూడా లేకుండా కుక్కను వీధిలో వదిలేసి పోయేవాళ్లు ఉన్నారు. ఆకలిదప్పులతో బాధపడేలా జంతువును వదిలేయడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం ప్రకారం నేరం. రైల్లో ఏసీ ఫస్ట్ క్లాసు కూపే మొత్తం మనకే బుక్ అయితే కుక్కను వెంట తీసుకెళ్లవచ్చు. లేదంటే గార్డు పెట్టెలోని కుక్కల గదిలో పంపవచ్చు. పార్సిల్ ఆఫీసులో ముందుగా అడగాలి. నాన్న ఇప్పటికే అడిగి వచ్చారు. ఈసారి సామాను జాబితాలో మొదటి పేరు మేమే రాశాం: భులు, దాని దుప్పటి.