చెల్లి కోసం శ్రీసిటీ చూసొచ్చా!

మాది ఏర్పేడు. డిప్లొమా చదివిన మా చెల్లికి శ్రీసిటీలోని ఓ ఎలక్ట్రానిక్స్ కంపెనీలో ఉద్యోగం వచ్చింది. తను ఎగిరి గంతేసింది కానీ నాయన ఒప్పుకోలేదు. ‘ఆడబిడ్డను ఒంటరిగా యాడికి పంపేది? ముందు నువ్వు పోయి చూసిరా’ అన్నాడు. చేరడానికి నాలుగు రోజులే గడువు. పొద్దున్నే శ్రీకాళహస్తి వెళ్లి తడ బస్సెక్కా.

వరదయ్యపాళెం వరకూ చెరువులు, మడులు, ముళ్లపొదలే. శ్రీసిటీలో అడుగుపెట్టగానే సీన్ మారిపోయింది. వెడల్పాటి రోడ్లు, జపాన్, కొరియా పేర్ల బోర్డులు!

ఇక్కడే ఎందుకు?

శ్రీసిటీ మొదలైంది 2008లో. దీని వ్యవస్థాపకుడు రవీంద్ర సన్నారెడ్డి. ఇక్కణ్నుంచి చెన్నై సుమారు 55 కిలోమీటర్లు. పక్కనే కోల్‌కతా-చెన్నై హైవే. చెన్నై, ఎన్నూరు, కృష్ణపట్నం రేవులూ అందుబాటులోనే. కొంత భాగం సెజ్. అంటే, ఎగుమతులు చేసే కంపెనీలకు సుంకాల్లో మినహాయింపులుంటాయి. మిగతా భాగంలో మన దేశంలో అమ్ముకునే సరుకు తయారు చేస్తారు.

మీరూ వాడే ఉంటారు!

2015లో వచ్చిన రెడ్‌మీ 2 ప్రైమ్ గుర్తుందా? అది ఇక్కడి ఫాక్స్‌కాన్ ప్లాంట్‌లో తయారైన ఫోనే. కొచ్చి మెట్రో రైళ్లూ, ఆస్ట్రేలియాలోని సిడ్నీ మెట్రో రైళ్లూ ఇక్కడి అల్‌స్టామ్ ఫ్యాక్టరీలో పుట్టినవే. క్యాడ్‌బరీ చాక్లెట్లు, ఇసుజు పికప్‌లూ ఇక్కడ తయారవుతాయి. 2025 మేలో ఎల్‌జీ ఫ్యాక్టరీకి శంకుస్థాపన జరిగింది.

గోడకు అవతల పొలం

రోడ్డు పక్కన టీ తాగుతూ కొట్టు నడిపే పెద్దమ్మతో మాట కలిపా. ‘మా పొలం ఆ గోడకు అవతల ఉండేది నాయనా. అది పోయింది. ఇప్పుడు మా పిల్లోడు ఆ గోడ లోపలే పని చేస్తా ఉండాడు’ అంది. బాధగా చెప్పిందో, సంతోషంగా చెప్పిందో నాకు అర్థం కాలేదు. బహుశా రెండూనేమో!

సాయంత్రం షిఫ్టు వదిలారు. మెడలో ఐడీ కార్డులతో అమ్మాయిలు గుంపులుగా బస్సులెక్కుతున్నారు. ఒకమ్మాయిని ఆపి హాస్టల్ గురించి అడిగా. ‘రూముకు నలుగురం. నైట్‌షిఫ్ట్ మొదట్లో కష్టమే అన్నా. నేను మాత్రం మా తమ్ముడి ఫీజు కడతా ఉండా’ అంది.

వెళ్లాలనుకుంటే...

ముందే చెబుతున్నా, టికెట్ కొనుక్కుని ఫ్యాక్టరీలు చూడలేం. అనుమతి ఉంటేనే లోపలికి. కానీ చుట్టుపక్కల చూసేవి చాలానే ఉన్నాయి. వరదయ్యపాళెం దగ్గర అడవిలో ఉబ్బలమడుగు జలపాతం ఉంది. రాళ్లు జారతాయి, రీల్స్ కోసం అంచులకు వెళ్లొద్దు. చలికాలమైతే పులికాట్ సరస్సులో ఫ్లెమింగోలు, సూళ్లూరుపేట దాటాక నేలపట్టులో గూడబాతులు కనువిందు చేస్తాయి.

రాత్రి ఇంటికొచ్చి నాయనకు ఏదీ దాచకుండా చెప్పా, నైట్‌షిఫ్ట్‌తో సహా. అంతా విని ఒక్కటే అడిగాడు: ‘సెలవు రోజు ఇంటికి రావడానికి బస్సుందా?’

‘ఉంది నాయనా.’

‘అయితే పోనీలే.’

తలుపు చాటు నుంచి వింటున్న చెల్లి అప్పటికే బ్యాగు సర్దడం మొదలుపెట్టేసింది!