పొద్దుతిరుగుడు నూనె – ఋతువుల ప్రభావము

పొద్దుతిరుగుడు పువ్వు సూర్యుని వెంట తిరుగునని మనమెల్లరము వినుచుందుము. నిజమునకు మొగ్గగా నున్నంతవరకే ఆ తిరుగుడు. విప్పారిన పువ్వు తూర్పుమొగమై నిలిచిపోవును. పిమ్మట సుమారు నెలదినములపాటు గింజలలో నూనె చేరును. ఆ దినముల వేడిమి, చల్లదనములను బట్టియే నూనె గుణము మారుచుండును.

ఈ నూనెలోని క్రొవ్వు ఆమ్లములలో నూటికి 90 పాళ్లవరకు ఓలిక్, లినోలిక్ అను రెండే. గింజలో మొదట ఓలిక్ ఆమ్లము తయారగును. పిదప ఒక ఎంజైము దానిలో కొంతభాగమును లినోలిక్ ఆమ్లముగా మార్చును. చల్లని రాత్రులలో ఈ మార్పు చురుకుగా సాగును. వేడిమి హెచ్చినకొలది మందగించును. కావున చలిలో గింజకట్టిన పైరున లినోలిక్, ఎండలో గింజకట్టిన పైరున ఓలిక్ అధికమగును. నూనెగింజలన్నిటి స్వభావము ఇట్టిది కాదు. 1965లో కాన్విన్ అను శాస్త్రజ్ఞుడు ప్రకటించిన పరిశోధనలో పొద్దుతిరుగుడు, అవిసె నూనెలు ఉష్ణోగ్రతను బట్టి మారినవి. ఆముదము, కుసుమనూనె మారలేదు.

నూనెగింజగా ఈ పైరు 1969లో సోవియట్ దేశమునుండి మనకు వచ్చినది. దీనిని పలు ఋతువులలో విత్తవచ్చును. రాయలసీమలో అక్టోబరున విత్తిన చేను డిసెంబరు చలిలో గింజకట్టును. జనవరి చివర నీటివసతి క్రింద విత్తినది ఏప్రిల్ ఎండలలో గింజకట్టును. విత్తనమొకటే, నేల యొకటే; నూనెల గుణములు మాత్రము వేరు.

ఈ భేదము మన వంటయింటికిని సంబంధించినదే. లినోలిక్ ఆమ్లమును మన శరీరము తయారుచేసికొనలేదు, ఆహారమునుండియే పొందవలెను. ఓలిక్ అధికముగా గల నూనె త్వరగా చెడువాసన పట్టదు, వేపుళ్లకు అనువైనది. కోడెక్స్ అను అంతర్జాతీయ ఆహార ప్రమాణము సాధారణ పొద్దుతిరుగుడు నూనెలో లినోలిక్ ఆమ్లము 48.3 మొదలు 74 శాతమువరకు ఉండవచ్చునని చెప్పుచున్నది. ఒక్క అంకెను పట్టుకొని నూనెను పరీక్షించినచో, ఎండకాలపు స్వచ్ఛమైన నూనెను సైతము కల్తీయని శంకింపవలసి వచ్చును.

వాతావరణమునకు లొంగని రకములును కలవు. 1976లో సోవియట్ శాస్త్రజ్ఞుడు సోల్దాతోవ్ రూపొందించిన పెర్వెనెట్స్ రకమున ఓలిక్ ఆమ్లము మిక్కిలి హెచ్చు. వేడిమిని బట్టి అంతగా మారదు. నేటి అధిక ఓలిక్ రకములు అనేకము దాని సంతతియే.

సాధారణ రకములను పండించునపుడు మాత్రము విత్తు తేదీ ముఖ్యము. గింజకట్టు వేళ నీరు చాలకున్నను, నత్రజని మితిమీరినను నూనె పాలు తగ్గును. కనుక విత్తునాడే గింజకట్టు నెలను మనము లెక్కించుకొనుట మేలు.