పశ్చిమగోదావరి పల్లెల్లో ఓ యాప్ ప్రయాణం

2003–04లో ఉభయగోదావరి జిల్లాల్లోని 45 ఊళ్లలో ఆరోగ్య కార్యకర్తలు చావు జరిగిన ప్రతి ఇంటికీ వెళ్లారు. పోయినవారికి చివరి రోజుల్లో ఏమైందో ఇంట్లోవాళ్లను అడిగి రాసుకున్నారు. బైర్రాజు ఫౌండేషన్, కేర్ ఫౌండేషన్, జార్జ్ ఇన్‌స్టిట్యూట్ కలిసి చేపట్టిన పని అది. పల్లె రోగాలంటే మలేరియా, విరేచనాలే అనుకునే రోజులు. తీరా చూస్తే చావుల్లో 32 శాతం గుండె, రక్తనాళాల జబ్బులవే. అంటురోగాల వాటా 12 శాతం.

ఆ లెక్క తేలిన కొన్నేళ్లకు స్మార్ట్‌హెల్త్ అనే యాప్ వచ్చింది. మొదట 11 ఊళ్లలో ఆశా కార్యకర్తల చేతికి ఆండ్రాయిడ్ ట్యాబ్ ఇచ్చి చూశారు. పని తేలికైనదే. ఇంటి అరుగు మీద కూర్చోబెట్టి బీపీ చూడాలి, వేలి కొసన సూదితో పొడిచి షుగర్ చూడాలి. వయసెంత, చుట్ట కాలుస్తారా, ఇదివరకు గుండెపోటు గానీ పక్షవాతం గానీ వచ్చిందా అని అడిగి నొక్కుతూ పోవాలి. రాబోయే పదేళ్లలో గుండెపోటు, పక్షవాతం ముప్పు ఎంత శాతమో ట్యాబ్ చెబుతుంది. దీని వెనక ఉన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ రంగుల పట్టిక: ఆకుపచ్చతో మొదలై ముదురు ఎరుపు దాకా. కొలెస్ట్రాల్ పరీక్ష లేకుండానే ఈ లెక్క వేయొచ్చు. నా దృష్టిలో అసలు గొప్పతనం అక్కడే ఉంది, ల్యాబ్ లేని ఊరికి అది సరిపోతుంది.

తర్వాత పశ్చిమగోదావరిలో 18 ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు (పీహెచ్‌సీలు), 54 ఊళ్లలో పెద్ద పరీక్ష పెట్టారు. 62 వేల మందికి పైగా చూశారు, ముప్పు ఎక్కువున్నవారు 8 వేలు దాటారు. 2019లో ఫలితం అచ్చయింది. ముప్పు ఎక్కువున్నవారిలో బీపీ అదుపులో ఉన్నవారు యాప్ వచ్చాక 41 శాతం, రాకముందు 39. తేడా లేనట్టే.

ఇంత శ్రమకు ఇంతేనా అని బాధేస్తుంది. కానీ ఆశాలు తమ పని చేశారు. బీపీ మందు రాసే అధికారం వాళ్లకు లేదు, అది డాక్టరు చేతిలోనిది. రోగి కూలి మానుకుని పీహెచ్‌సీకి వెళ్లాలి, అక్కడ డాక్టరు ఉండాలి, మందు దొరకాలి, నెలనెలా మళ్లీ వెళ్లాలి. అయితే ఇండోనేషియాలోని మలాంగ్ జిల్లాలో ఇదే పద్ధతి పెడితే, ముప్పున్నవారిలో తగిన మందులు వాడేవారు మిగతా ఊళ్లలో 1 శాతం ఉండగా యాప్ ఉన్న ఊళ్లలో 15 శాతం దాటారు.

మీకు నలభై దాటి ఉంటే, ఆశా మీ గుమ్మంలోకి వచ్చినప్పుడు కాసేపు కూర్చుని చెయ్యి చాపండి. ముప్పుందంటే డాక్టరు దగ్గరికి వెళ్లండి. పీహెచ్‌సీలో బిళ్ళలు లేవంటే ఎందుకు లేవో గట్టిగా అడగండి. బీపీ తగ్గింది కదా అని మీ అంతట మీరు మందు మానకండి.