మంచును పట్టే వలలు

బాలలూ! వలవేసి చేపలను పడతారని మీకు తెలుసు. మరి వలవేసి నీళ్ళను పట్టగలరా? "వలలో నీళ్ళు నిలుస్తాయా, మాస్టారూ!" అని మీరు నవ్వవచ్చు. కాని పట్టినవారున్నారు.

పుష్యమాసంలో తెల్లవారుజామున మన చోడవరం చెరకు తోటలకేసి చూడండి. పొగమంచు కమ్మి పది బారల దూరాన మనిషి ఆనడు. ఆకుల కొసలనుంచి మాత్రం చుక్కలు రాలుతూంటాయి. చింతపల్లి మన్యంలోని లంబసింగిలో ఈ మంచు ఇంకా దట్టం. పొగమంచు ఆవిరి కాదు. ఆవిరి కంటికి కనిపించదు. గాలిలోని ఆవిరి చల్లబడి సన్నని నీటిబిందువులైతే అదే పొగమంచు. ఒక్కొక్క బిందువు మిల్లీమీటరులో సుమారు నూరోవంతు ఉంటుంది. అంత తేలిక కనుకనే గాలిలో తేలుతుంది. దారిలో ఆకో, దారమో అడ్డుతగిలితే అంటుకుంటుంది. అలాంటివి లక్షలకొద్దీ కలిసి బరువెక్కితే చుక్కై జారుతుంది.

ఈ కిటుకునే దక్షిణ అమెరికాలోని చిలీ దేశంలో వాడుకున్నారు. అక్కడ సముద్రతీరాన చుంగుంగో అనే బెస్తపల్లె ఉంది. వానలు బహు తక్కువ. తాగేనీరు లారీలమీద రావలసి వచ్చేది. కాని దగ్గరలోని ఎల్ టోఫో కొండను సముద్రపు మంచు తరచు కమ్ముతుంది. 1987లో కెనడావారి సాయంతో ఆ కొండమీద స్తంభాలు నాటి, ప్లాస్టిక్ వలలు కట్టసాగారు. ఒక్కొక్క వల 12 మీటర్ల పొడవు, 4 మీటర్ల ఎత్తు. వల అడుగున దోనె, దోనెనుంచి గొట్టం. 1992లో ఆ నీరు పల్లెకు చేరింది. దాదాపు నూరు వలలకు రోజుకు సగటున సుమారు 15,000 లీటర్లు! అంటే 15 లీటర్ల బిందెలతో వెయ్యి బిందెలు. నీటిని పట్టడానికి కరెంటూ లేదు, యంత్రమూ లేదు.

మరి మన ఊళ్ళోనూ వలలు కడితే? లెక్క వేద్దాం. ఒక ఘనమీటరు పొగమంచులో అర గ్రాము నీరైనా ఉండడం అరుదు. కనుక గాలి వీస్తూ, కొత్త మంచును వలలోకి తోస్తూ ఉండాలి. ఆ వల వైశాల్యం 48 చదరపు మీటర్లు. గాలి సెకనుకు 3 మీటర్లు సాగితే, సెకనుకు 144 ఘనమీటర్ల మంచు వలకు ఎదురవుతుంది. మన మైదానపు ఊళ్ళలోనో, గాలి స్తంభించినప్పుడే మంచు కమ్ముతుంది; ఎండ ఎక్కగానే విడిపోతుంది. అదీ చలికాలపు కొద్ది రోజులే. అందుచేత మనకు చెరువే దిక్కు, వాననీటిని దాచుకోవడమే మేలు. కొండలమీద సంగతి వేరు. కొలిచి చూస్తేగాని చెప్పలేము.

చుంగుంగో కథలో ఇంకొక పాఠమున్నది. సుమారు పదేళ్ళు గడిచేసరికి వలలు గాలులకు చిరిగాయి. బాగుచేసే నాథుడు లేక, ఊరికి మళ్ళీ లారీలే దిక్కయినాయి. నీరు సంపాదించడం ఒక ఎత్తు, దాన్ని నిలుపుకోవడం మరొక ఎత్తు. పూడిక తీయని చెరువుకూ ఇదే గతి.

ఈ చలికాలంలో మీరొక పని చెయ్యండి. మీటరు పొడవు, మీటరు వెడల్పుగల పాత దోమతెర ముక్కను రెండు కర్రలమధ్య గాలికెదురుగా బిగించండి. దానికింద నిలువునా చీల్చిన వెదురుబద్దను కాస్త ఏటవాలుగా ఉంచి, కొసన గ్లాసు పెట్టండి. తెల్లవారి ఎన్ని చెంచాల నీరు చిక్కిందో, గాలి ఉన్నదో లేదో, రోజూ పుస్తకంలో రాయండి. ఏమీ చిక్కని రోజున సున్నా అని రాయండి. అదీ లెక్కే.