భాషాయంత్రమునకు వార్తికము

పాణిని సూత్రపాఠమును మార్పకయే కాత్యాయనుఁడు వార్తికములు చేర్చెను. బృహద్భాషానమూనాకు మరల శిక్షణ మొసఁగుటయు నిట్టిదే. అందు భాషాపరిచయము కోట్లకొలఁది సంఖ్యలుగా నిలిచి యుండును. 2021లో వెలువడిన లోరా పద్ధతియం దా మూలసంఖ్యల నట్లే యుంచి, రెండు చిన్న సంఖ్యాపట్టికల గుణకారఫలమును వానికిఁ గూడుదురు. శిక్షణ మా చిన్నపట్టికలకే. కావున స్వల్పవ్యయమునఁ బని నెఱవేఱును.

2024లో తెలుగు ఎల్ఎల్ఎం ల్యాబ్స్ వారు, మూలలిపి యెల్లరకుఁ దెఱచిన అన్‌స్లాత్ సాఫ్ట్‌వేరుతో, గూగులువారి జెమ్మాకు శిక్షణ మొసఁగి ‘నవరస’ను వెలువరించిరి. రెండవ కూర్పు 15 భారతీయభాషల కుద్దేశింపఁబడినది. అయితే శిక్షణకుఁ గొన్న ప్రశ్నోత్తరములలోఁ బెక్కు లాంగ్లమునుండి యనువదింపఁబడినవి. లక్ష్యము పరభాషాచ్ఛాయ గలదైనచో యంత్రము నేర్చు తెలుఁగును నట్లే యగును.

కావునఁ జిట్టమూరువంటి యూళ్లలోఁ బలుకుబడిలో నున్న మాటలను సేకరించి, దోషములు దిద్ది, లక్ష్యముగా నొసఁగుట పండితుల కర్తవ్యము.