రూపాంతర శిలల్లో శిలాజాలు ఎందుకు అరుదు?

అవక్షేప శిలల్లో శిలాజాలు ఎలా నిలుస్తాయో గత భాగంలో చదివారు. ఆ శిలలే రూపాంతరం చెందితే వాటిలోని శిలాజాలు ఏమవుతాయో ఇప్పుడు చూద్దాం. ఇందుకు కోనసీమను ఉదాహరణగా తీసుకోవడం వింతగా అనిపించవచ్చు. అమలాపురం, రాజోలు, కొత్తపేట ప్రాంతాల్లో నేలంతా గోదావరి తెచ్చిన ఒండ్రుమట్టి, ఇసుక, రాయి కనబడదు. కానీ ఈ మట్టి అడుగున ఉన్న పొరలనూ, నది ఎగువన ఉన్న కొండలనూ కలిపి చూస్తే విషయం తేలికగా అర్థమవుతుంది.

ముందు ఒక గుల్లను తీసుకోండి. అందులో ప్రధానంగా ఉండేది కాల్షియం కార్బనేట్. దాన్ని సున్నపు బట్టీలో కాల్చితే కార్బన్ డయాక్సైడ్ పోయి సున్నం మిగులుతుంది. భూమి లోతుల్లోనూ ఇదే జరుగుతుందని కొందరు అనుకుంటారు. అది సరికాదు. అక్కడి పీడనం ఆ వాయువును సులభంగా విడిపోనివ్వదు. స్వచ్ఛమైన సున్నపురాయిలో కాల్సైట్ కాల్సైట్‌గానే ఉంటుంది, అయితే సన్నని స్ఫటికాలు కలిసిపోయి పెద్దవిగా పెరుగుతాయి. దీనినే పునఃస్ఫటికీకరణ అంటారు. గుల్లలోనూ చుట్టూ ఉన్న రాతిలోనూ పదార్థం ఒకటే కనుక కొత్త స్ఫటికాలు గుల్ల అంచును దాటి పెరుగుతాయి. పదార్థం ఎక్కడికీ పోదు, ఆకారమే పోతుంది. ఫలితంగా వచ్చేది పాలరాయి.

బురద గట్టిపడి ఏర్పడిన షేల్‌ది వేరే దారి. ఒకవైపు నుంచి పడే ఒత్తిడికి అది పలకరాయిగా మారుతుంది. ఈ తొలి దశలో శిలాజాలు కొన్ని మిగులుతాయి, కానీ సాగిపోయి, వంకరపోయి ఉంటాయి. ఇంగ్లండులోని డెలబోల్ పలకరాతి గనిలో దొరికే సాగిన గుల్లలను అక్కడివారు సీతాకోకచిలుకలని పిలిచేవారు. అసలు ఆకారం తెలుసు కనుక, ఎంత సాగిందో కొలిచి రాయి ఎంత నలిగిందో లెక్కగట్టవచ్చు.

వేడి ప్రభావం కూడా మెట్లుమెట్లుగానే ఉంటుంది. కోనసీమలో చమురు, సహజవాయువు కోసం ఓఎన్‌జీసీ తవ్విన బావుల గురించి మీకు తెలుసు. సాధారణంగా కిలోమీటరు లోతుకు 25 నుంచి 30 డిగ్రీల సెల్సియస్ చొప్పున వేడి పెరుగుతుంది. ఇలాంటి బావుల నుంచి పైకి వచ్చే రాతి ముక్కల్లో పుప్పొడి రేణువులు, సిద్ధబీజాలు ఉంటాయి. వేడి తగిలేకొద్దీ వాటి లేత పసుపు రంగు నారింజగా, గోధుమగా, చివరకు నలుపుగా మారుతుంది. ఆ రంగును బట్టి పొరలో చమురు ఏర్పడిందా, చమురు దశ దాటి వాయువే మిగిలిందా అని నిపుణులు అంచనా వేస్తారు. చమురు ఏర్పడటానికి సుమారు 60 నుంచి 120 డిగ్రీలు చాలు. రూపాంతరం సుమారు 200 డిగ్రీల దగ్గర మొదలవుతుంది. అంటే రాయి ఇంకా అవక్షేప శిలగా ఉండగానే శిలాజం మాడటం మొదలుపెడుతుంది!

చివరి మెట్టు పాపికొండల్లో కనిపిస్తుంది. తూర్పు కనుమల ఖొండలైట్ ఒకప్పటి బురద, ఇసుకల నుంచి పుట్టిందే. సుమారు 100 కోట్ల సంవత్సరాల క్రితం అది 800 డిగ్రీలకు మించిన వేడికి లోనైంది. బంకమట్టి ఖనిజాల స్థానంలో గార్నెట్, సిలిమనైట్ ఏర్పడ్డాయి. ఖొండలైట్‌లో అక్కడక్కడ కనిపించే గ్రాఫైట్ ఆనాటి జీవపదార్థపు కార్బన్ నుంచి వచ్చిందని భావిస్తారు. అయితే ఇక్కడ గుల్లలు లేకపోవడానికి వేడి ఒక్కటే కారణమని రాయకండి. గట్టి కవచాలున్న జంతువులు విస్తరించింది సుమారు 54 కోట్ల సంవత్సరాల క్రితమే. ఖొండలైట్ అంతకంటే ఎంతో పాతది. వేడి తగలకపోయినా అందులో గుల్లలు ఉండేవి కావు. సూక్ష్మజీవుల ఆనవాళ్లు మాత్రం ఉండి చెరిగిపోయి ఉండవచ్చు.

వేడి తగిలిన ప్రతిచోటా శిలాజాలు పోతాయనీ అనుకోవద్దు. రాజమహేంద్రవరం పక్కన కాతేరులో రెండు లావా ప్రవాహాల నడుమ ఉన్న సున్నపురాతి పొరలో గుల్లలు దొరుకుతాయి. లావా పైన పరుచుకున్నా త్వరగా చల్లారుతుంది. అది కాల్చేది తాకిన అంచునే. ప్రాంతీయ రూపాంతరంలో వేడి, పీడనం లక్షల ఏళ్లు కలిసి పనిచేస్తాయి.

ఈసారి అంతర్వేది తీరానికి వెళ్తే గుప్పెడు ఇసుక తీసి భూతద్దంతో చూడండి. ఎర్రని రేణువులు కనిపిస్తే అవి గార్నెట్ కావచ్చు. ఖొండలైట్ కొండలు అరిగి నది వెంట వచ్చినవి. వాటి పక్కనే నిన్నటి గవ్వలు ఉంటాయి. ఆ ఇసుక రేపు గట్టిపడితే అందులో గార్నెట్, గుల్లలు రెండూ ఉంటాయి. అయినా అది ఇసుకరాయే, రూపాంతర శిల కాదు, ఎందుకంటే గార్నెట్ అక్కడ పుట్టలేదు.