రైతు దినచర్యలో వ్యాయామము

“ప్రొద్దస్తమానము పొలములో కష్టించువానికి వేఱుగ వ్యాయామ మెందుకు?” అని రైతుసోదరులు పలువురు అడుగుచుందురు. దీనికి ఆయుర్వేదమునందే సమాధానము కలదు.

వాగ్భటుడు అష్టాంగహృదయమున దినచర్యకు ప్రత్యేకముగా నొక యధ్యాయమును కేటాయించెను. వేకువనే లేచుట, దంతధావనము, తైలాభ్యంగము, వ్యాయామము, స్నానము అందలి ముఖ్యవిధులు. వ్యాయామమువలన ఒడలికి తేలికయు, పనిచేయు శక్తియు, ఆకలియు కలుగుననియు, క్రొవ్వు తగ్గుననియు నాతడు చెప్పెను. కాని దానికి రెండు హద్దులు పెట్టెను.

మొదటిది పరిమాణము. ఎవరి బలములో సగము మేరకే వారు చేయవలెను. నుదుటను, ముక్కుమీదను, చంకలలోను చెమట పట్టి, నోటితో ఊపిరి తీయవలసివచ్చినచో సగము బలము వ్యయమైనదని గుర్తు. వేసవిలో ఊరకున్నను చెమట పట్టును గనుక అప్పుడు ఊపిరినే గమనింపవలెను. మితిమీఱినచో దప్పి, ఆయాసము, దగ్గు, జ్వరము కలుగును.

రెండవది కాలము. సగము బలము వినియోగింపదగినది చలికాలమునను, వసంతమునను మాత్రమే. తక్కిన ఋతువులందు స్వల్పముగా చేయవలెను. మన సేద్యమును దీనితో పోల్చి చూడుడు. వేసవి దుక్కి మండుటెండలో. నాట్లును, కలుపుతీతయు వానకాలములో. శాస్త్రము తగ్గింపుమన్నప్పుడే మనకు అధికశ్రమ. కుప్పనూర్పు లైన పిదప, శాస్త్రము చేయుమన్నప్పుడు, మెట్టరైతు అరుగుమీద కూర్చుండును. ట్రాక్టరు, కోతయంత్రము వచ్చిన యూళ్లలో ఈ తీరిక మఱింత పెరిగినది. నెలలతరబడి కదలని దేహమునకు తొలకరిలో ఒక్కసారిగా బరువు పడినచో నడుము పట్టుటలో వింత యేమి?

కావున సంక్రాంతి మొదలు ఉగాది వఱకు తీరికగలవారు ప్రతిదినము వేకువను అరగంటసేపు చురుకుగా నడచి, శక్తికొలది దండీలు, బస్కీలు తీయుట మంచిది. పిదప ఒడలు మర్దించుకొనవలెను. పెద్దవారికి వారమునకు కనీసము 150 నిమిషముల మధ్యమశ్రమ కావలెనని ప్రపంచ ఆరోగ్యసంస్థయు 2020లో సూచించెను. నాట్లకాలమున అదనపు వ్యాయామ మక్కఱలేదు. నడుమ నడుమ నిలువుగా లేచి వెన్ను చాపుకొనిన చాలును. ఎండలో పని చల్లని వేళలకు మార్చుకొని, తఱచు నీరు త్రాగవలెను. తల తిరిగినను, గుండెలో నొప్పి తోచినను వెంటనే పని మాని నీడకు చేరవలెను. నొప్పి యున్నచో ఆలస్యము చేయక వైద్యుని కడకు పోవలెను. అజీర్ణము, జ్వరము ఉన్ననాడు వ్యాయామము తగదు.

తొలకరికి ముందే ఎద్దులకు దాణా పెట్టి దుక్కికి సిద్ధపఱచు రైతు, వానితో నడువవలసిన తన దేహమును గూడ సిద్ధపఱచుకొనవలదా?